కట్టె తుపాకి

కండ్లకోయలో ఒక చాయ్ కొట్టు ఉంది. నాలుగు ఇనప గొట్టాలు, పైన ఒక రేకు, ముందు రెండు బల్లలు, అంతే. ఒక పక్క నాగపూర్ రోడ్డు, నెత్తి మీద ఔటర్ రింగ్ రోడ్డు. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్లు తిరిగొచ్చిన ఆ రోడ్డుకు 2018లో ఆఖరి ముడి పడింది ఈ కూడలి దగ్గరే. ముడి పడ్డాక లారీ డ్రైవర్లు, ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు, ఆక్సిజన్ పార్కుకు నడకకొచ్చే పెద్దమనుషులు అందరూ ఆ రేకు కిందికే చేరేవారు. కొట్టాయన తెల్లవారుజామున నాలుగున్నరకు స్టవ్ వెలిగిస్తే రాత్రి పదింటికి ఆర్పేవాడు. అప్పులు రాసుకునే పుస్తకం ఒకటి దారంతో కట్టి మేకుకు వేలాడేది. ఆ పుస్తకంలో లేని లెక్క ఆయన నోట్లోంచి వచ్చేది కాదు.

ఆయనకు ఒక్కడే కొడుకు. వాడికి నోరే ఆస్తి. చిన్నప్పటి నుంచి బల్ల మీద కూర్చుని గ్లాసులు కడుగుతూ, వచ్చే పోయే వాళ్ల మాటలన్నీ పట్టేవాడు. సర్దార్జీ డ్రైవరు చాయ్‌లో చక్కెర తక్కువైందని ఎలా గొణుగుతాడు, తమిళ డ్రైవరు తెలుగులో దారి ఎలా అడుగుతాడు, భూములు అమ్మించే బ్రోకరు ఫోన్లో ఎవరికి ఏ గొంతు వాడతాడు, అన్నీ వాడి నాలుక మీద ఉండేవి. ఊరి పక్క కాలేజీలోనే ఇంజినీరింగ్ చదివాడు. బోయిన్‌పల్లిలో ఒక ఆఫీసులో 22,000 జీతానికి కుదిరాడు. సాయంత్రం ఆఫీసు వదలగానే మాత్రం ఇంటికి రాకుండా సిటీలోకి పోయేవాడు. వాడికి స్టాండప్ కామెడీ పిచ్చి పట్టింది.

బంజారాహిల్స్‌లో లామకాన్ అని, పాత ఇంటి ముంగిట్లో 2010 నుంచి నడుస్తున్న వేదిక ఒకటుంది. అక్కడా, జూబ్లీహిల్స్ కాఫీ కొట్లలోనూ ఓపెన్ మైకులు జరిగేవి. పేరు రాయించుకోవాలి, పిలిచినప్పుడు ఎక్కాలి, ఐదు నిమిషాల్లో దిగాలి. పైసా ఇవ్వరు. కొన్ని చోట్ల మనమే ఒక కాఫీ కొనాలి. మొదటి రోజు వాడు ఎక్కినప్పుడు కింద పదకొండు మంది ఉన్నారు. అందులో తొమ్మిది మంది తమ వంతు కోసం ఎదురు చూస్తున్న కమెడియన్లే. వాళ్లు నవ్వరు, తమ లైన్లు మననం చేసుకుంటుంటారు. మిగిలిన ఇద్దరిలో ఒకాయన నవ్వాడు. ఆ ఒక్క నవ్వును గుండెకు హత్తుకుని, సుచిత్ర దాటాక బస్సు దొరక్క, కొంపల్లి నుంచి ఎవరిదో బండి వెనక కూర్చుని ఇల్లు చేరాడు.

అలా రెండేళ్లు తిరిగాక వాడికి స్పాట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. స్పాటంటే పది నిమిషాలు, 500 రూపాయలు. తర్వాత ఒక రోజు, తండ్రి కొట్టు మీద చెప్పిన జోకు ముక్క ఒకటి రీలు చేసి పెడితే పన్నెండు లక్షల మంది చూశారు. వారం తిరిగేసరికి వాడిని అనుసరించేవాళ్లు లక్ష దాటారు. పన్నెండు లక్షల మంది చూసినందుకు వాడికి ఒక్క రూపాయి కూడా రాలేదు. ఆ సంగతి చూసినవాళ్లకు తెలియదు కదా. కండ్లకోయలో, మేడ్చల్‌లో, అటు గౌడవెల్లిలో ఉన్న చుట్టాలంతా లెక్కలు కట్టేశారు. లక్ష మంది, మనిషికి ఒక్క రూపాయి వేసుకున్నా లక్ష!

"నెలకు లక్ష వస్తదటనా?" అని మేనత్త అడిగింది.

వాడు కాదనలేదు. కాస్త నవ్వాడు. అబద్ధం అక్కడ పుట్టింది. తర్వాత దానికి కాళ్లొచ్చాయి.

"మరి టీవీల జబర్దస్తుల ఎప్పుడొస్తవ్ రా?" అన్నాడు బావ. "అది చిన్నది బావా, మాది వేరే లెవలు" అన్నాడు వీడు.

ఉద్యోగం మానేశాడు. సొంతంగా గంట షో పెట్టాడు. పోస్టరు మీద ఎర్ర అక్షరాలతో హౌస్‌ఫుల్ అని వేశాడు. ఆ రాత్రి సంగతి మాత్రం ఇది. హాల్లో 80 కుర్చీలు. అమ్ముడైన టికెట్లు 26, మిగతావి తెలిసినవాళ్లకు పంచిన పాసులు. టికెట్ 299 చొప్పున 7,774 వచ్చింది. టికెట్లమ్మే యాప్ 777 కోసుకుంది. హాలు అద్దె 3,500. ముందు పది పది నిమిషాలు చేసిన ఇద్దరు కుర్రాళ్లకు 500 చొప్పున వెయ్యి. వీడియో తీసినవాడికి 1,500. అర్ధరాత్రి కండ్లకోయకు క్యాబు 640. ఇంటి ముందు దిగి, క్యాబు లైటు వెలుగులో లెక్క చూసుకుంటే చేతిలో మిగిలింది 357 రూపాయలు. ఆ 357 కోసం వాడు నాలుగు నెలలు రాసుకున్నాడు, అద్దం ముందు నలభై సార్లు చెప్పుకున్నాడు. లోపలికి పోతుంటే తండ్రి మంచం మీద నుంచే అడిగాడు.

"ఎట్లయింది బిడ్డా?"

"హౌస్‌ఫుల్ నాయినా."

అసలు డబ్బు కంపెనీల షోలలో ఉంటుందని వాడికి తెలుసు. ఏడాది చివర ఆఫీసు విందుల్లో అరగంట నవ్విస్తే 25,000 ఇస్తామంటారు. అక్కడ బాసు మీద జోకు వెయ్యొద్దు, జీతాల మీద వెయ్యొద్దు, కులం, మతం, రాజకీయం ఊసెత్తొద్దు. ఇక మిగిలేది ట్రాఫిక్కూ పెళ్లామూ. అవి చెప్పి దిగితే, బిల్లు పెట్టమంటారు. టీడీఎస్ ఏమైనా ఉంటే పట్టుకుని, మిగతాది అరవై రోజులకో తొంభై రోజులకో వేస్తారు. యూట్యూబ్ సంగతీ అంతే. వెయ్యి మంది చందాదార్లతో పాటు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణో, తొంభై రోజుల్లో కోటి షార్ట్స్ వీక్షణలో దాటితే తప్ప ప్రకటనల్లో వాటా రాదు. దాటాక వచ్చేదీ వాడి బస్సు చార్జీలకు సరిపోయేది.

కానీ లక్ష వచ్చేవాడు బస్సెక్కితే ఎలా? కిస్తుల మీద కారు కొన్నాడు. లక్ష వచ్చేవాడు జమానతు సంతకం పెట్టనంటే ఎలా? ఐదు లక్షల చిట్టీ పాడుకున్న బావకు సంతకం పెట్టాడు. ఆరు నెలలు తిరిగేసరికి బావ చిట్టీ కట్టడం ఆపేశాడు. ప్రతి నెలా ఐదో తారీకు కారు కిస్తు ఫోను, పదో తారీకు చిట్టీ ఫోను. ఫోను మోగినప్పుడల్లా వాడు చూసి, బోర్లా పెట్టేవాడు.

సరిగ్గా అలాంటి ఒక ఆదివారం కండ్లకోయకు పిట్టల దొర వచ్చాడు.

తెలంగాణ పల్లెల్లో పెరిగినవాళ్లకు పిట్టల దొరను పరిచయం చెయ్యక్కర్లేదు. తుపాకి రాముడన్నా ఆయనే, లత్కోర్ సాబ్ అన్నా ఆయనే. బుడగ జంగాలు తరతరాలుగా వేస్తున్న వేషం. ఖాకీ కోటు, నెత్తిన టోపీ, మొహానికి రంగు, భుజాన కట్టె తుపాకి. ఒక్కడే వస్తాడు, వీధి మధ్యలో నిలబడతాడు, లేని ఆస్తులు ఉన్నట్టు కోతలు కోస్తాడు. మైకు లేదు, టికెట్ లేదు. స్టాండప్ అనే మాట మన దగ్గరికి రాకముందు నుంచీ నిలబడి నవ్విస్తున్నవాడు.

ముసలాయనకు డెబ్భై దాటి ఉంటాయి. కోటు రొమ్ము మీద పతకాలకు బదులు సోడా మూతలు కుట్టి ఉన్నాయి. చాయ్ కొట్టు ముందుకొచ్చి తుపాకి మడమ నేలకు కొట్టాడు.

"జరుగుండ్రి జరుగుండ్రి! నా నీడ మీద కాలు పెడితె ఫైను! గీ నెత్తి మీద రోడ్డున్నది సూడుండ్రి, ఇది మా తాత మొలతాడు. స్నానానికి పోతు ఇడిసి పెడితె, సర్కారోళ్లు దాని మీద తారు పోసి టోలు వసూలు చేస్తుండ్రు. పోనీ పాపమని ఊకున్న!"

బల్లల మీద వాళ్లు తలలెత్తారు.

"నాకు ఏడు ఊర్లల్ల ఏడు బంగ్లాలు. ఒక్కదానికి గోడల్లేవు, కప్పు లేదు. మొన్న దొంగలొచ్చి, ఏడికెళ్లి లోపలికి పోవాల్నో తెల్వక ఏడ్చి, ఎదురు పది రూపాయలిచ్చి పోయిండ్రు! నిన్న రాత్రి శామీర్‌పేట చెరువు కాడ పిట్టను కొడ్దామని తుపాకి పేల్చిన. గుండు పోయింది, పోయింది, మేడ్చల్ దాటింది, నాగపూర్ దాటింది, ఢిల్లీల ఎర్రకోట తలుపు కొట్టింది. పిట్టున్నదా అని అడిగింది. లేదన్నరు."

ఇక్కడ ఆగాడు. కుర్రవాడు చేతిలో గ్లాసు అలాగే పట్టుకుని చూస్తున్నాడు. దొర ఎవరి వంకా చూడకుండా, ఆకాశంలోకి చూశాడు, నేలను చూశాడు, చివరకు నెమ్మదిగా కోటు జేబు తడుముకున్నాడు.

"వాపసొచ్చి పండుకున్నది."

అంతా ఒక్కసారి నవ్వారు. కాలేజీ పిల్లలు ఫోన్లెత్తి తీస్తూ నవ్వారు. లారీ డ్రైవరు చాయ్ ఒలకబోసుకున్నాడు. కుర్రవాడు మాత్రం నవ్వలేదు, లెక్కపెట్టాడు. ఆ ఆగడం సరిగ్గా నాలుగు క్షణాలు. మూడైతే తొందర, ఐదైతే నీరసం. తను అద్దం ముందు నలభై సార్లు చేసినా కుదరనిది అది.

ఆట అయ్యాక దొర జోలె పట్టి తిరిగాడు. ఫోన్లెత్తిన పిల్లలు వీడియో సరిగ్గా వచ్చిందా అని చూసుకుంటూ వెళ్లిపోయారు. పెద్దగా నవ్విన డ్రైవరు లారీ ఎక్కాడు. నవ్వకుండా మూల గడప మీద కూర్చుని చూసిన ఒక ముసలమ్మ లేచి లోపలికి పోయి చాటలో బియ్యం తెచ్చి పోసింది. కిరాణా కొట్టు సేటు ఇరవై రూపాయలిచ్చాడు. పాత ఊళ్లో రెండు వాడలు తిరిగొచ్చి, దొర టోపీ తీసి, తడిగుడ్డతో మొహం మీద రంగు తుడుచుకుని, బల్ల మీద కూర్చున్నాడు. రంగు పోయాక మామూలు ముసలాయన.

"చాయ్ తాగు తాతా" అని కుర్రవాడు గ్లాసు ఇచ్చాడు. "ఇయ్యాల ఎంతొచ్చింది?"

ముసలాయన దాచుకోలేదు. జోలె విప్పి బల్ల మీద పెట్టాడు. "బియ్యం మూడు కిలోలుంటయి. రూపాయలు నూట నలభై. ఒక పాత అంగి." రూపాయలను మూడు చిన్న కుప్పలు చేశాడు. "గిది ఇంటికి. గిది రేపు బస్సు కిరాయికి. గిది వానకాలానికి. వానల్ల ఎవరు నిలబడి ఇంటరు బిడ్డా? మూడు నెలలు నోరు మూసుకుని తినాలె."

"నవ్వినోళ్లంత పోయిండ్రు గద తాతా?"

"నవ్వే మొకం వేరు, పెట్టే చెయ్యి వేరు. నవ్వే మొకాన్ని జూసి ఆట ఆడాలె, పెట్టే చెయ్యిని జూసి పొయ్యి మీద ఎసరు పెట్టాలె. ఆ లెక్క తప్పితె ఎసరు మాడిపోతది." చాయ్ ఊదుకున్నాడు. "నీదేం పని?"

"నీ పనే. స్టేజి మీద నిలబడి నవ్విస్త."

"ఒక్కనివేనా?"

"ఒక్కన్నే."

"తుపాకి?"

"మైకు ఉంటది."

"మంచిదే, మొయ్యనీకి తేలిక. ఎంతొస్తది?"

కుర్రవాడి చూపు ఒకసారి స్టవ్ దగ్గరున్న తండ్రి మీదికి పోయింది. "నెలకు లక్ష దాకా వస్తది తాతా."

అప్పటిదాకా ఊరందరినీ నవ్వించి తను నవ్వని ముసలాయన, పొట్ట పట్టుకుని నవ్వాడు. కళ్లలో నీళ్లు తుడుచుకుని, తుపాకి తీసి కుర్రవాడి చేతిలో పెట్టాడు.

"ఇది నువ్వే పట్టుకో. నేను ఏషం ఇప్పినంక అబద్ధమాడ. నువ్వు ఏషం ఎయ్యకముందే ఆడుతున్నవ్. నా కన్న పెద్ద పిట్టల దొరవు నువ్వే."

కుర్రవాడికి మొహం మాడింది. "నీకెట్ల తెలుసు?"

"నేను కూసున్నకాంచి ఆ ఫోను మూడు మాట్ల మోగింది. మూడు మాట్ల జూసి బోర్ల పెట్టినవ్. లక్షొచ్చెటోడు ఫోనుకు బయపడడు."

స్టవ్ దగ్గర తండ్రి పాలు కలపడం ఆపాడు.

ముసలాయన తుపాకిని గోటితో గీకి చూపించాడు. "ఇది వేప కట్టె. మా వాళ్లల్ల ఎన్కట ఒకడుండె. నా లెక్క కాదు, ఆడు మాట్లాడితె చెట్టు మీద పిట్ట దిగొచ్చేది. ఒక ఊర్ల పది రోజులు ఆడిండు. పులిని కొట్టిన, ఎలుగును కొట్టిన అని కోతలు కోసిండు. ఆ ఊర్ల మక్కచేన్లను అడివి పందులు పాడు చేస్తున్నయి. ఊరోళ్లు అచ్చి, దొరా, నీ తుపాకితోని పందిని కొట్టు, రెండు బస్తాల మక్కలిస్తమన్నరు. ఆనికి ఒక్క మాట చెప్పుడు కష్టమైంది. అయ్యా, ఇది కట్టె అని. చెప్తె పోయేదేమున్నది? నవ్వెటోళ్లు. ఇంకో చాటెడు ఎక్కువ పెట్టెటోళ్లు. చెప్పలే. రాత్రి చేన్లకు పోయిండు. పంది తొడ చీల్చింది."

"చచ్చిండా?"

"బతికిండు. ఊరోళ్లే మంచం మీద ఏసుకుని దవాఖానకు మోసిండ్రు. కాని మళ్ల ఆ ఊర్ల ఆన్ని జూసి ఎవరు నవ్వలే. అయ్యో పాపం అన్నరు. మనల జూసి అయ్యో పాపం అన్నరంటె మన బతుకు అయిపోయినట్టే బిడ్డా. ఇది కట్టె అని నీకు తెల్వాలె, ఎదురున్నోళ్లకు తెల్వాలె. ఇద్దరికి తెలిసినన్ని రోజులే నవ్వు."

లేచి టోపీ పెట్టుకున్నాడు. తండ్రి చాయ్ డబ్బులు వద్దన్నాడు. "వద్దంటె ఎట్ల! నా ఖాతాల రాసుకో. రింగు రోడ్డు అమ్మినంక ఇస్త" అంటూనే పది రూపాయల బిళ్ల బల్ల మీద పెట్టి, మేడ్చల్ బస్సు కోసం రోడ్డు దాటాడు. కోత నోట్లోంచి వచ్చింది, చాయ్ డబ్బు చేతిలోంచి వచ్చింది. రెండూ ఒకదానికొకటి అడ్డం రాలేదు.

ఆ రాత్రి స్టవ్ ఆర్పాక తండ్రి కొడుకు పక్కన కూర్చున్నాడు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. పైన రింగు రోడ్డు మీద లారీలు పోతున్న చప్పుడు.

"నెలకు ఎంతొస్తది రా?"

కొడుకు చెప్పాడు. మంచి నెలయితే పద్దెనిమిది, ఇరవై వేలు. మామూలు నెల ఆరు వేలు. హౌస్‌ఫుల్ రోజు మిగిలింది 357. కంపెనీ నుంచి రావాల్సిన డబ్బు రెండు నెలలైనా రాలేదు. కారు కిస్తు, బావ చిట్టీ. అన్నీ చెప్పి, తిట్లకు సిద్ధంగా తల దించుకున్నాడు.

తండ్రి తిట్టలేదు. పెద్ద బరువు దించినట్టు ఊపిరి వదిలాడు.

"నీ దగ్గర లేక ఇయ్యలేదా?"

కొడుకుకు అర్థం కాలేదు.

"మీ అమ్మ కంటి ఆపరేషన్‌కు ఇరవై వేలు మిత్తికి తెచ్చిన. నిన్ను అడగలే. నెలకు లక్ష వచ్చెటోడు, తల్లి కన్ను కనబడుతలేదంటె అడగకముందే ఇయ్యాలె గదా. నీకు మనసు లేదనుకున్న. ఏడాది సంది గదే బాధ." కండువాతో మొహం తుడుచుకున్నాడు. "డబ్బులు లేకపోతె ఏమాయె రా. అందరి దగ్గర ఉంటయా?"

వాడు ఏడాదిగా తనను గొప్పవాణ్ణి చేస్తోందనుకున్న అబద్ధం, కన్నవాళ్ల కళ్లలో తనను పిసినారిని చేసిందని అప్పుడు తెలిసింది. ఏ స్టేజీ మీదా వాడికి అంత నిశ్శబ్దం ఎదురు కాలేదు.

తెల్లారి కారు అమ్మకానికి పెట్టాడు. బావకు ఉన్నదున్నట్టు చెప్పాడు. బావ రెండు నెలలు మాట్లాడలేదు, తర్వాత తన బండి అమ్మి చిట్టీ కట్టాడు. కుర్రవాడు మళ్లీ పగటి ఉద్యోగం చూసుకున్నాడు. రాత్రి స్టేజి మానలేదు. ఒక నోటు పుస్తకం కొని, ప్రతి షోకూ వచ్చింది, పోయింది, మిగిలింది రాయడం మొదలుపెట్టాడు. "డబ్బులిప్పుడు లేవు గానీ మంచి పేరొస్తుంది బ్రో" అని ఎవరైనా పిలిస్తే ఆ పుస్తకం తీసి, పేరు అనే గడి ఎక్కడుందో చూపించమనేవాడు. కొందరు ఫోను పెట్టేశారు. కొందరు 500ను 1,500 చేశారు.

ఇప్పుడు ఆ చాయ్ కొట్టులో, ఒకే మేకుకు రెండు పుస్తకాలు వేలాడుతున్నాయి.

నీతి

కట్టె తుపాకి నవ్వించడానికి. దాన్ని నమ్మి వేటకు పోరాదు.

నవ్వించే వృత్తిలో ఉన్నవాడికి కోతలు పనిముట్లు. పోస్టరు మీద హౌస్‌ఫుల్, రీలు కింద లక్షల సంఖ్య, స్టేజి మీద దర్జా, ఇవన్నీ సోడా మూతల పతకాలే. జనాన్ని పోగెయ్యడానికి వాటిని ధరించవచ్చు, తప్పు లేదు. వాటిని బ్యాంకుకు తీసుకుపోయినప్పుడు, జమానతు కాగితం మీద పెట్టినప్పుడు, తల్లిదండ్రుల ముందు కూడా విప్పనప్పుడే పంది ఎదురవుతుంది.

ఈ పని తెలిసి చేసినవాళ్లు మనలో లేకపోలేదు. కనిగిరిలో 1957లో పుట్టి ముంబయి ధారావిలో పెరిగిన జాన్ ప్రకాశరావు ఏడో తరగతితో బడి మాని, సినిమా తారల గొంతులు అనుకరిస్తూ వీధుల్లో పెన్నులు అమ్మాడు. తర్వాత తండ్రి పనిచేసే హిందుస్థాన్ లీవర్ ఫ్యాక్టరీలోనే కార్మికుడయ్యాడు. అక్కడి ఒక వేడుకలో పై అధికారులను అనుకరించి చూపిస్తే తోటివాళ్లు జానీ లీవర్ అని పేరు పెట్టారు. పేరొచ్చింది కదా అని వెంటనే ఉద్యోగం వదల్లేదు. పగలు ఫ్యాక్టరీ, మిగతా వేళల్లో స్టేజి. షోల మీద వచ్చేది ఇల్లు గడపడానికి చాలుతుందని తేలాక, 1981లో మానేశాడు. దేశమంతా నవ్విన ఆ పేరులో సగం జీతమిచ్చిన ఫ్యాక్టరీదే. మన పాత సినిమాల హాస్యనటుడు రేలంగి సంగతీ చూడండి. తెర మీద ఎంత వెర్రిబాగుల వేషమేసినా, సంపాదించిన దానితో తాడేపల్లిగూడెంలో సినిమా హాలు కట్టించుకున్నాడు. దొర బంగ్లాలకు లేని గోడలు ఆయన హాలుకు ఉండేవి.

గొప్పలు చెప్పకపోతే రేటు పెరగదని వాదించేవాళ్లుంటారు. చరిత్ర వేరేగా చెబుతోంది. లాస్ ఏంజిలస్‌లోని కామెడీ స్టోర్‌లో 1979 దాకా చాలామంది కమెడియన్లకు పైసా ఇచ్చేవారు కాదు. ఇది మీకు బడి లాంటిది, ఇక్కడ ఆడితే పేరొస్తుంది అన్నది యాజమాన్యం మాట. అక్కడ గ్లాసులు అందించేవాళ్లకు జీతముంది, నవ్వించేవాడికి లేదు. తాము కడుపు నిండా తినడం లేదన్న సంగతి కమెడియన్లు దాచుకోకుండా వీధిలోకొచ్చి, అట్టలు పట్టుకుని ఆరు వారాలు సమ్మె చేశారు. సెట్టుకు 25 డాలర్ల చొప్పున ఇవ్వడం అప్పుడు మొదలైంది. ప్రతివాడూ నాకు లక్షలొస్తున్నాయని చెప్పుకు తిరిగే చోట, ఎవరికీ ఏమీ ఇవ్వకపోయినా అడిగేవాడుండడు. గొప్పల వల్ల లాభపడేది కమెడియన్ కాదు, వాణ్ణి ఉచితంగా పిలిచేవాడు.

వేషంలో ఉన్నప్పుడు రింగు రోడ్డు మొత్తం నీదే, అమ్ముకో. వేషం విప్పాక చాయ్ డబ్బులు పది రూపాయలు. అవి బల్ల మీద పెట్టి కదులు.